ఫ్లాట్‌లో ముధోల్ హౌండ్ పెంచవచ్చా? పెంచవచ్చు, కానీ గేటు దాటాకే అసలు పని

మీరు అడిగింది ఇదీ: మియాపూర్‌లో మూడో అంతస్తులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, ఐదేళ్ళ బాబు, ఒక పిల్లి, ఇద్దరికీ ఉద్యోగాలు. ముధోల్ కుక్కపిల్లను తెచ్చుకోవాలని ఉంది. కానీ "అది వేటకుక్క, ఎకరాలకు ఎకరాలు కావాలి, ఫ్లాట్‌లో పిచ్చెక్కిపోతుంది" అని బంధువులు భయపెడుతున్నారు. పైగా ఇంటికి కాపలాగా కూడా ఉంటుందని మీ ఆశ.

ముందు బంధువుల మాట సంగతి. వాళ్ళ భయం తప్పు చోట ఉందండీ. చాలా ఏళ్ళుగా మా ఇంట్లో ఈ జాతి కుక్కలున్నాయి, ఇప్పుడూ ఒక ఆడది ఉంది, ఇల్లు చిన్నదవడం వల్ల వాటికి ఇబ్బంది రావడం నేను చూడలేదు. ఇబ్బంది అంతా మీ తలుపు తీసిన క్షణంలో, లిఫ్టులో, వాచ్‌మన్ గేటు సగం తెరిచి పెట్టిన చోట, ఆ గేటు బయటి రోడ్డు మీద ఉంటుంది. అక్కడ మీరు జాగ్రత్తగా ఉండగలిగితే ఫ్లాట్ చాలు. ఉండలేకపోతే పదెకరాల తోట ఉన్నా ఈ కుక్క మీకు దక్కదు.

ఇంట్లో ఇది చేసే పని ముఖ్యంగా నిద్రే. పొద్దున పరుగు అయిపోయాక రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉంటుంది, అనవసరంగా మొరగదు, లాబ్రడార్ లాగా వచ్చినవాళ్ళందరి మీదా పడిపోదు. మెత్తగా ఎక్కడుంటే అక్కడికి చేరుతుంది, సోఫా మీద ఆశ వదులుకోండి. అది గారాబం కాదు, దాని శరీరం తీరే అంత. ఒంట్లో కొవ్వు ఉండదు, మోచేతుల దగ్గర ఎముక మీద నేరుగా చర్మమే. నేల మీద పడుకోబెడితే కొన్ని నెలల్లో అక్కడ వెంట్రుకలు రాలి చర్మం మొద్దుబారుతుంది, తర్వాత పుండ్లు పడతాయి. పాత పరుపు ఒకటి వేసేయండి. ఇంకొకటి, మన ఇళ్ళలో నున్నటి టైల్స్ మీద పొడుగు కాళ్ళు జారి తుంటి కండరాలు పట్టేస్తాయి, అది నడిచే దారిలో పట్టాలో కార్పెట్ ముక్కలో పరచండి. డిసెంబర్, జనవరి రాత్రుళ్ళు స్వెటర్ వేస్తే ఇరుగుపొరుగు నవ్వుతారు, వేయండి, దానికి నిజంగానే చలేస్తుంది.

ఇక ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తప్ప బయట దాని ప్రవర్తన అర్థం కాదు. ముధోల్ అంటే బాసర దగ్గర మన నిర్మల్ జిల్లా ముధోల్ అనుకునేవాళ్ళు చాలామంది, అది కాదు. కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా, ఘటప్రభ ఒడ్డున ఉన్న ముధోల్. ఆ సంస్థానాన్ని ఏలిన మాలోజీరావు ఘోర్పడే ఈ కుక్కల పెంపకాన్ని చేరదీశాడని, బ్రిటిష్ రాజు ఐదో జార్జికి ఒక జంటను కానుకగా ఇచ్చాడని చెబుతారు. రాజుల కథ అలా ఉంచితే, అక్కడి పల్లెల్లో వీటిని కాపాడింది రైతులూ గొర్రెల కాపరులే. బిడారులతో, అంటే కారవాన్‌లతో పాటు పడమటి నుంచి వచ్చిన కుక్కల రక్తం ఇందులో ఉందన్నది వాడుకలో ఉన్న నమ్మకం, అందుకే కొన్ని చోట్ల కర్వాని అంటారు, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పుస్తకాల్లోనూ కారవాన్ హౌండ్ అనే ఉంటుంది.

దక్కనులో వేటకుక్కకూ మనిషికీ బంధం ఎంత పాతదో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది కర్ణాటక మండ్య జిల్లాలోని ఆతకూరు శాసనం. క్రీ.శ. 949 నాటి తక్కోలం దగ్గర రాష్ట్రకూటులకూ చోళులకూ జరిగిన యుద్ధం తర్వాత, నీకేం కావాలో కోరుకోమంటే గంగరాజు బూతుగుడి అనుచరుడు మణలేరుడనే వీరుడు ఊరో బంగారమో అడగలేదు, కాళి అనే వేటకుక్కను అడిగాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడింది, కుక్కా పందీ రెండూ చచ్చిపోయాయి. దాని పేరుతో గుడి ముందు రాయి నిలబెట్టించారు. కాళి ముధోల్ జాతిదేనని నేను అనను, అలా అనే ఆధారం లేదు. కానీ వెయ్యేళ్ళ కిందట ఒక కుక్కకు వీరగల్లు వేయించిన నేల ఇది. ఆ నేలమీది కుక్కను ఇవాళ బాల్కనీలో కట్టేసి పెంచుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఇది వాసన పట్టి వెళ్ళే కుక్క కాదు, కంటితో వేటాడే కుక్క. తల సన్నగా పొడుగ్గా, కళ్ళు పక్కలకు ఉండటం వల్ల మెడ తిప్పకుండానే మనకంటే చాలా ఎక్కువ మేర చూస్తుంది. నల్లరేగడి బయళ్ళలో చాలా దూరాన కుందేలు కదిలితే, యజమాని చెప్పేదాకా ఆగకుండా తనంతట తాను నిర్ణయం తీసుకుని దూకడానికే తరతరాలుగా దీన్ని ఎంచుకుంటూ వచ్చారు. మీ కుక్కలో ఆ ఘడియ ఎలా ఉంటుందో ముందే చెబుతాను. నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. చెవులు వెనక నుంచి పైకి లేస్తాయి. నుదురు మీద సన్నని ముడత పడుతుంది. ముందు కాలు ఒకటి గాల్లోకి లేచి అలాగే ఉండిపోతుంది, తోక కదలదు. ఆ క్షణంలో మీరు పేరు పెట్టి పిలవండి, చేతిలో చికెన్ ముక్క చూపించండి, అది వినదు. మొండితనం కాదు, నిజంగానే మీరు ఆ క్షణంలో దానికి లేరు. మీకున్నది ఒకటో రెండో సెకన్లు, ఆలోగా లీష్‌ను చేతికి ఇంకో చుట్టు తిప్పి శరీరంతో దాని చూపుకి అడ్డం నిలబడాలి.

గంటకు 45, 50 కిలోమీటర్లు దానికి పెద్ద లెక్క కాదు. అంటే సెకనుకు 12 నుంచి 14 మీటర్లు. మీ కాలనీ రోడ్డు వెడల్పు ఎంతో చూసుకోండి. "మావాడు పిలిస్తే వచ్చేస్తాడు, లీష్ అక్కర్లేదు" అని ఇంటర్నెట్‌లో వీడియోలు పెట్టేవాళ్ళను దయచేసి నమ్మకండి. వంద సార్లు వస్తుంది, నూట ఒకటోసారి రోడ్డవతల పిల్లి కనిపిస్తుంది. నాకు తెలిసి అకాలంగా పోయిన ముధోల్‌లలో రోగంతో పోయినవాటికంటే బండి కింద పడి పోయినవే ఎక్కువ. పిలిస్తే రావడం నేర్పించండి, తప్పకుండా నేర్పించండి, కానీ దాని మీద ప్రాణం పెట్టుకోకండి. గోడలేని చోట లీష్ విప్పకూడదు, ఈ నియమానికి మినహాయింపు లేదు.

కాలర్ సంగతి చాలామందికి తెలియదు. ఈ జాతిలో మెడ మందం, తల మందం దాదాపు ఒకటే. మామూలు కాలర్ వేసి తీసుకెళ్తే, ఏదో శబ్దానికి బెదిరి నాలుగడుగులు వెనక్కి వేసి తల వంచిందంటే కాలర్ చెవుల మీదుగా జారి మీ చేతిలో మిగులుతుంది. మా వీధిలో ఒకతని కుక్క దీపావళి టపాసు శబ్దానికి సరిగ్గా ఇలాగే పోయింది, రెండో రోజు దొరికింది, అదృష్టం. మార్టింగేల్ కాలర్ అడిగి తీసుకోండి. అందులో రెండు వలయాలుంటాయి: పెద్దది మెడ చుట్టూ వదులుగా ఉంటుంది, చిన్నదానికి లీష్ తగిలిస్తారు. కుక్క వెనక్కి గుంజితే చిన్నది పెద్దదాన్ని బిగిస్తుంది, గొంతు నొక్కేంత కాదు, తల జారనంత. వెడల్పు రెండంగుళాల దాకా ఉండాలి, సన్నటి పట్టీ ఆ మెడను కోసేస్తుంది. చెవుల వెనక, మెడ పైభాగంలో వేయండి. ఇంట్లో ఉన్నప్పుడు తీసేయండి. దేనికైనా తగులుకుంటే బిగుసుకునేదీ అదే. సాగే లీష్, అదే చక్రంలోంచి తాడు బయటికొచ్చేది, అస్సలు వద్దు. పది అడుగులు పరిగెత్తి వేగం అందుకున్నాక ఒక్కసారిగా ఆగితే మెడ విరగడమో మీ భుజం జారడమో ఖాయం.

పరుగు ఎక్కడ? రోజూ రెండు పూటలా నడక, వారంలో మూడు నాలుగుసార్లయినా విప్పి వదలగలిగే, చుట్టూ గోడో వలో ఉన్న చోటు. హైదరాబాద్‌లో ఇది కష్టమని అందరూ అంటారు కానీ, ఇప్పుడు కాలనీకొకటి బాక్స్ క్రికెట్ టర్ఫ్ ఉంది, చుట్టూ ఎత్తైన వల. తెల్లవారుజామున బుకింగ్స్ తక్కువ. మా దగ్గర టర్ఫ్ నడిపే అబ్బాయి, మలం నేనే తీసేస్తానంటే, ఐదున్నరకు అరగంట ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. అడిగి చూడండి. లోపలికి వెళ్ళగానే వల కింద ఖాళీలున్నాయేమో ఒక చుట్టు తిరిగి చూశాకే విప్పండి. ఇవి గంటలకొద్దీ పరిగెత్తే కుక్కలు కావు, ఐదు పది నిమిషాలు ప్రాణం పెట్టి పరిగెత్తుతాయి, తర్వాత నాలుక వేలాడేసుకుని మీ కాళ్ళ దగ్గరికొచ్చి పడిపోతాయి, అంతే. ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కాక పరుగు వద్దు. దక్కను కుక్కే కదా ఎండ తట్టుకుంటుందంటారు, నీడలో ఉంటే తట్టుకుంటుంది, పరుగు పెడితే ఒళ్ళు కాగిపోతుంది. తారు మీద మీ అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ అక్కడ పెట్టకూడదు.

వీధికుక్కల గురించి కూడా ఆలోచించుకోండి. పరిగెత్తేదాన్ని తరమడం వాటి స్వభావం, పరిగెత్తడం దీని స్వభావం. ఒకటీ అరా కుక్కలే ఉన్న దారిని ఎంచుకుని, రోజూ అదే దారిలో, వాటికి మీరు అలవాటయ్యేలా వెళ్ళండి. మీ కుక్క చర్మం కాగితమంత పలచన, మామూలు ఊరకుక్కకు గీత పడేంత కాటు దీనికి కుట్లు పడే గాయం. బోగన్‌విల్లా ముల్లు, గోడ మీది గాజుపెంకు, ముళ్ళతీగ కూడా అంతే.

పిల్లవాడి విషయంలో నాకు భయం తక్కువే, నియమం మాత్రం ఒకటుంది. ఈ కుక్కలు గాఢంగా నిద్రపోతాయి, కొన్ని సగం కళ్ళు తెరిచి పడుకుంటాయి, మెలకువగా ఉందనుకుని బాబు వెళ్ళి మీద పడితే ఉలిక్కిపడి నోరు విసురుతుంది. దానిలో పగ ఉండదు, కానీ బాబు మొహం ఆ ఎత్తులోనే ఉంటుంది. దాని పరుపు దగ్గరికి వెళ్ళకూడదు, దూరం నుంచి పిలిచి రప్పించుకోవాలి, ఇది బాబుకి కుక్క రాకముందే నేర్పండి. పిల్లి సంగతి వేరు. ఎనిమిది వారాల వయసులో వచ్చి పిల్లితో పెరిగితే ఇంట్లో సర్దుకుపోవచ్చు, మా ఇంట్లో పక్కపక్కనే పడుకునేవి. అదే పిల్లి మెట్ల మీద పరిగెడితే దాని కంటికి అది మన పిల్లి కాదు, కదిలే వేట. ఇద్దరూ ఆఫీసుకెళ్ళినప్పుడు వాటిని వేర్వేరు గదుల్లో ఉంచాలి. పెద్దదాన్ని తెచ్చుకుంటే మాత్రం పిల్లితో దాని అలవాటు ఏమిటో చూశాకే తెచ్చుకోండి.

కాపలా అన్నారు. కొత్తవాళ్ళను దూరం పెడుతుంది, అది నిజం, దీనిలాగే కంటితో వేటాడే విదేశీ జాతి గ్రేహౌండ్ కంటే దీనికి అనుమానం ఎక్కువ. కానీ డాబర్‌మన్ పని దీనితో చేయించకండి. రెచ్చగొట్టి, కట్టేసి, మనుషుల్ని చూపించకుండా పెంచితే కాపలా కుక్క తయారవదు, భయస్థురాలు తయారవుతుంది, భయంతో కరిచే కుక్కంత ప్రమాదం ఇంకోటి లేదు. మూడు నెలల వయసు దాటేలోపు గొడుగులు, హెల్మెట్లు, డెలివరీ బాయ్‌లు, కుక్కర్ విజిల్, లిఫ్టు అన్నీ చూడాలి. టీకాలు పూర్తవకముందు నేల మీద దింపొద్దు, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ ఊళ్ళో ఎప్పుడూ ఉంటుంది, చేతుల్లో ఎత్తుకుని తిప్పండి. ఇంకో మాట, దీన్ని కొట్టకండి. గొంతు పెంచినా రోజంతా మూల పట్టుకునే కుక్క ఇది. ఒక్క దెబ్బ కొట్టి నెలల నమ్మకం పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

తిండి దగ్గర పెద్ద రహస్యం లేదు. ఆ ప్రాంతంలో జొన్న రొట్టె, పాలు, మాంసం దొరికినప్పుడు మాంసం. మీరు అన్నం, చికెన్, గుడ్డు, లేదా మంచి కుక్కల ఆహారం పెట్టొచ్చు, మన ప్లేట్లోది ఉల్లిపాయ ఉన్నదేదీ వద్దు. పెద్దయ్యాక ఇరవై పైచిలుకు కిలోలు తూగుతుంది, చివరి రెండు మూడు పక్కటెముకలు కనిపించడం దీనికి ఆరోగ్యం. "తిండి పెట్టట్లేదా పాపం" అని లిఫ్టులో రోజూ అడుగుతారు, ఆ మాటకి లొంగి బలిపించకండి, కీళ్ళు పోతాయి. లోతైన ఛాతీ ఉన్న కుక్క కాబట్టి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, రెండు పూటలుగా పెట్టండి, తిన్న గంటన్నర దాకా పరుగు వద్దు. కడుపు ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, అర్ధరాత్రైనా ఆస్పత్రికి.

డాక్టర్ దగ్గర మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి రెండున్నాయి, ఇవి తెలియకే చాలా డబ్బు, కొన్ని ప్రాణాలు పోయాయి. మొదటిది రక్తపరీక్ష. గ్రేహౌండ్ మీద బాగా నిర్ధారణ అయిన విషయం, ఈ కుటుంబపు కుక్కలన్నిటిలోనూ గమనించాల్సిందే: ఎర్రకణాల శాతం మామూలు కుక్క కంటే ఎక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ, థైరాయిడ్ హార్మోన్ కూడా తక్కువ. మామూలు కుక్కకు రెండు లక్షల చుట్టుపక్కలో, ఆపైనో ఉండే ప్లేట్‌లెట్లు, నిక్షేపంగా ఉన్న గ్రేహౌండ్‌కు లక్ష పైచిలుకే ఉండొచ్చు. మన దగ్గర పిడుదుల జ్వరం ఎక్కువ కదా, రిపోర్టులో ప్లేట్‌లెట్లు తక్కువ కనబడగానే నెల రోజుల డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాసేస్తారు. నిజంగా పిడుదుల జ్వరమైతే మందు వేయాల్సిందే, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు. కానీ జ్వరం లేదు, తిండి బాగానే తింటోంది, చిగుళ్ళు గులాబీ రంగులోనే ఉన్నాయి, రిపోర్టులో అంకె ఒక్కటే తక్కువ అంటే ముందు రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూడమని, లేదా పిడుదుల జ్వరం తెచ్చే ఎర్లీషియా క్రిమికి పరీక్ష చేయమని అడగండి. దీనికి మంచి ఉపాయం, కుక్కకి ఏడాదిన్నర వచ్చాక ఒంట్లో బాగున్నప్పుడే ఒకసారి పూర్తి రక్తపరీక్ష చేయించి ఫోన్‌లో ఫోటో ఉంచుకోండి. రేపు జబ్బు చేసినప్పుడు పోల్చి చూసుకోవాల్సింది ఆ అంకెలతోనే.

రెండోది మత్తు. థయోపెంటాల్ లాంటి పాత రకం మత్తుమందులు ఈ కుక్కల ఒంట్లోంచి త్వరగా పోవు. కొవ్వు తక్కువ, కాలేయం ఆ మందును విరగ్గొట్టే తీరు నెమ్మది. గంటలో లేవాల్సింది రోజంతా లేవకపోవచ్చు. ఆపరేషన్‌కి ముందు "ఇది హౌండ్, ఏ మత్తు వాడతారు" అని అడగండి. ప్రొపోఫాల్, ఐసోఫ్లూరేన్ ఉన్న చోటికే తీసుకెళ్ళండి. మత్తులో ఒళ్ళు చల్లబడిపోతుంది, దుప్పటి మీరే పట్టుకెళ్ళండి. ఇలా అడిగితే విసుక్కునే డాక్టరైతే ఇంకొకరిని చూసుకోవడమే మేలు.

ఎక్కడ తెచ్చుకోవాలి? 2005లో తపాలా బిళ్ళ వచ్చినప్పుడు పెద్దగా పట్టించుకోలేదు గానీ, 2016లో సైన్యం మీరట్‌లో శిక్షణ మొదలుపెట్టాక, 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో పేరెత్తాక గిరాకీ పెరిగింది. గ్రేహౌండ్‌తో కలిపిన పిల్లల్ని అసలు ముధోల్ అని అమ్మేవాళ్ళూ పెరిగారు. ముధోల్ దగ్గర తిమ్మాపుర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ కుక్కల పరిశోధన కేంద్రం ఉంది, మొదట అక్కడ అడగండి. ప్రైవేటుగా అయితే తల్లిని చూపించనిచోట కొనొద్దు, తల్లి మిమ్మల్ని చూసి వణికిపోతుంటే పిల్లను తేవద్దు. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మడం కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం నేరం, నెల పిల్లను చేతిలో పెట్టేవాడి దగ్గర ఇంకేం దొంగతనాలున్నాయో. చిన్నప్పుడు ముద్దుగా తెచ్చుకుని ఏడాది తిరక్కుండానే వదిలేసిన ముధోల్‌లు జంతు సంరక్షణ సంస్థల దగ్గర కనిపిస్తూనే ఉంటాయి. ఇద్దరూ ఉద్యోగస్థులన్నారు కాబట్టి, పిల్లిని ఓర్చుకునేది దొరికితే, రెండేళ్ళ వయసున్నది మీకు ఇంకా మంచిదని నా అభిప్రాయం.

ఊళ్ళో అన్నయ్యవాళ్ళ పొలానికి తీసుకెళ్ళి కుందేళ్ళ మీదికి వదలొచ్చా అని చివర్లో అడిగారు. వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది వేటే, కుక్కతో చేసినా వేటే. పొలాల్లో నెమళ్ళుంటాయి, అది ఆ చట్టంలో అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ పక్షి, మీ కుక్క ఒక నెమలిని పట్టిందంటే ఆ తర్వాత నడిచేది ఫారెస్టు వాళ్ళతోనే. పొడుగాటి తాడుకి పాత టవల్ కట్టి నేల మీద లాగుతూ పరిగెత్తించండి, దానికి కావాల్సింది కదిలే వస్తువు.

అసోసియేషన్ వాళ్ళు కుక్కల్ని నిషేధించలేరు, జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి, లిఫ్టు వాడొద్దనీ అనలేరు. మీరు రేబిస్ టీకా కార్డు, మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్సు దగ్గర పెట్టుకోండి. కొనే ముందు మీ ఇద్దరిలో పొద్దున ఐదున్నరకు లేచేది ఎవరో, ఊరెళ్ళినప్పుడు ఆ లీష్ పట్టుకునేది ఎవరో తేల్చుకోండి. అది తేలితే మళ్ళీ రాయండి, మార్టింగేల్ కొలత ఎలా తీసుకోవాలో, మొదటి వారం పిల్లిని ఎలా చూపించాలో వివరంగా చెబుతాను.